సంతకం చేసే వేళకు వాతావరణం గుర్తుకు రావాలంటే: నాయకుల కోచింగ్‌పై చర్చ

దారిదీపం
అందరికీ నమస్కారం. నాయకత్వ కోచింగ్‌లో, అంటే ప్రశ్నలతో, సంభాషణతో నాయకుల ఆలోచనకు తోడుగా ఉండే పనిలో, పదకొండేళ్ళుగా ఉన్నాను. గత మూడేళ్ళుగా ఎన్నికైన ప్రజాప్రతినిధులతోనూ నగరపాలన అధికారులతోనూ పనిచేస్తున్నాను. వాతావరణ మార్పును దృష్టిలో ఉంచుకుని నిర్ణయాలు తీసుకునేలా వారికి తోడ్పడటం ఎలాగన్నది ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుబట్టలేదు. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

మొదట నేను చేసిన పొరపాటు చెప్పుకోవాలి. నగర నిర్మాణ పనుల బాధ్యత చూసే ఒక నాయకురాలితో మొదటి మూడు సమావేశాలూ శాస్త్రం గురించే మాట్లాడాను. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల వంతులకు సుమారు 280 వంతులుగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 వంతులు దాటిందనీ, 2024లో భూగోళపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక పూర్వ స్థాయిని 1.5 డిగ్రీలకు పైగా మించిందనీ పటాలు వేసి చూపించాను. ఆమె శ్రద్ధగా విన్నారు, ఒప్పుకున్నారు, నోటుపుస్తకంలో రాసుకున్నారు కూడా. నాలుగో వారం నేను వెళ్ళేసరికి ఆమె బల్ల మీద ఒక రోడ్డు విస్తరణ ఫైలు ఉంది. ఆ రోడ్డు కింది కల్వర్టులన్నీ ఎప్పటివో వర్షపు లెక్కలతో రూపొందినవి. ఆమె ఒక్క ప్రశ్న కూడా వేయకుండా, నా ముందే, రాసుకున్న ఆ చేత్తోనే సంతకం చేశారు.

ఆమెకు వాతావరణం పట్ల పట్టింపు లేదని నేను అనను. నేను చెప్పినదానికీ ఆ ఫైలుకూ సంబంధం ఉందని ఆ నిమిషంలో ఆమెకు తోచలేదు. తెలిసిన విషయం నిర్ణయం దాకా ఎందుకు చేరడం లేదు? కోచ్ అనేవాడు ఆ దారిలో ఎక్కడ నిలబడాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

పాతఫైలు
దారిదీపం గారూ, పాలనా విభాగాల్లో మూడు దశాబ్దాలు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీరు చూసింది నిర్ణయం జరిగిన క్షణమని మీరు అనుకుంటున్నారు, కానీ ఆ నిర్ణయం అప్పటికి ఏడాది కిందటే జరిగిపోయి ఉంటుంది.

ఫైలు నాయకుడి బల్ల మీదికి వచ్చేనాటికి దారి ఖరారై, అంచనాలు తయారై, నిధుల పద్దు నిర్ణయమై, కింది స్థాయిలో అరడజను మంది సంతకాలు పూర్తవుతాయి. అప్పుడు నాయకుడికి మిగిలేవి రెండే దారులు: ఒప్పుకోవడం, లేదా వెనక్కి పంపడం. వెనక్కి పంపితే పని ఆలస్యమవుతుంది, నిధులు మురిగిపోతాయి, పని ఆపేశాడన్న మాట వస్తుంది. ఆ స్థితిలో వాతావరణం గురించి అడిగిన ప్రశ్న అడ్డుపుల్లలాగే కనిపిస్తుంది. అదే ప్రశ్నను పని ఇంకా ఒక పేజీ ప్రతిపాదనగా ఉన్నప్పుడు అడిగితే దాన్ని ముందుచూపు అంటారు, ఖర్చు కూడా దాదాపు ఉండదు.

అందువల్ల మీరు మొదటి సమావేశంలోనే అడగవలసింది రాబోయే పన్నెండు నెలల్లో ఆ నాయకురాలి ముందుకు రాబోయే పనుల జాబితా. దాన్ని ఆమెతో కలిసి కూర్చుని చూడండి, ఒక్కో పని పక్కన అది ఎన్నేళ్ళు నిలుస్తుందో ఆమె చేతే రాయించండి. నగరానికి కొనే బస్సు పన్నెండు, పదిహేనేళ్ళు తిరుగుతుంది. భవనం యాభై ఏళ్ళ పైమాటే. భూ వినియోగ ప్రణాళికలో గీసిన రోడ్డు గీత భవనాలన్నీ కూలిన తరవాత కూడా చెరగదు. నాయకుడి పదవీకాలం నాలుగైదేళ్ళు. ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద పక్కపక్కన పడినప్పుడు ఏ ఫైలు దగ్గర ఆగి ఆలోచించాలో నాయకులకు తమంతట తామే తెలుస్తుంది. అన్ని ఫైళ్ళ దగ్గరా ఆగమంటే ఎవరూ ఆగరు.

ఇంకొక్క మాట. ఓస్లో నగరం 2016లో, మరుసటి ఏడాది బడ్జెట్‌తో పాటే, వాతావరణ బడ్జెట్‌ను ఆమోదించింది. ఏ చర్యవల్ల ఎంత ఉద్గారం తగ్గుతుందో, దానికి ఏ విభాగం బాధ్యత వహిస్తుందో డబ్బు లెక్కతో పాటే అందులో చూపిస్తారు. ఆ బాధ్యతను పర్యావరణ విభాగానికి వదిలేయకుండా ఆర్థిక విభాగం చేతుల్లో పెట్టారు. అది ఎంత ముఖ్యమో ప్రభుత్వంలో పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. ఆర్థిక విభాగం అడిగిన వివరానికి మిగతా విభాగాలన్నీ గడువులోగా జవాబిస్తాయి.

నిదానం
చర్చ పద్ధతుల్లోకి వెళ్ళేముందు మూలంలో ఉన్న ఒక సందేహాన్ని తేల్చుకోవాలని నా మనవి. నేనూ కోచ్‌నే. ఎదుటివారి లక్ష్యాన్ని వారే నిర్ణయించుకుంటారు, మనం ఆలోచనకు తోడుగా ఉంటాం అన్నది ఈ వృత్తికి పునాది. ‘వాతావరణ స్పృహ గల నిర్ణయాల వైపు’ కోచింగ్ అన్నప్పుడు గమ్యాన్ని మనమే ముందుగా ఖాయం చేసినట్టు కాదా?

వ్యాపార సంస్థ అధికారి విషయంలో అది కొంతవరకు చెల్లవచ్చు. ప్రజాప్రతినిధికి అధికారం ఇచ్చింది ప్రజలు. తలుపులు మూసుకున్న గదిలో, ఎవరూ ఎన్నుకోని ఒక కోచ్, ఎవరి డబ్బుతో వచ్చాడో తెలియకుండా, ఆయన ఆలోచనను ఒక దిశకు మళ్ళిస్తుంటే దానికి ప్రజాస్వామ్యంలో వేరే పేరుంది. వాతావరణ మార్పు తీవ్రత గురించి నాకు ఏ అనుమానమూ లేదు. సరైన పని కోసమే అయినా చాటుగా ఒత్తిడి తేవడం తప్పని నమ్ముతాను. ఇవాళ మనం చేస్తే రేపు బొగ్గు గనుల తరఫున మరొకరు కోచ్ పేరుతోనే వస్తారు.

దారిదీపం
నిదానం గారూ, ఈ ప్రశ్న నన్నూ వేధించింది. ఇప్పుడు నేను పాటిస్తున్నది ఇది. నా ఫీజు ఎవరు చెల్లిస్తున్నారో ఒప్పందంలోనే రాస్తాను, ఆ ఒప్పందాన్ని ఎవరికైనా చూపించే స్వేచ్ఛ నాయకులకు ఇస్తాను. వాతావరణం గురించి నాకు ఒక దృక్పథం ఉందని మొదటి రోజే చెబుతాను. ఏ ఫలానా ప్రాజెక్టు గురించీ నా అభిప్రాయం చెప్పను, అడిగినా చెప్పను. నిర్ణయం వల్ల కలిగే పర్యవసానాలన్నీ నాయకుడి కళ్ళముందు ఉన్నాయా లేదా అన్నది నా పని, వాటిని తూచడం ఆయన పని. ఈ గీత ఎప్పుడూ స్పష్టంగా ఉంటుందని చెప్పలేను, కానీ లేకపోతే మీరన్నదే నిజమవుతుంది.

మూడోవరుస
నేను రెండు విడతలు స్థానిక సంస్థకు ఎన్నికై, మూడోసారి ఓడిపోయాను. బల్లకు అవతలి వైపు నుంచి చూస్తే ఇది ఎలా ఉంటుందో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

మొదటి విడతలో ఒక రహదారి పక్క ఎదిగిన చెట్ల వరుస కొట్టేసే తీర్మానానికి నేను చెయ్యెత్తాను. ఆ చెట్లు పోతే ఆ వీధి వేసవిలో ఎలా కాలిపోతుందో నాకు తెలుసు. అయినా చెయ్యెత్తాను. ఆ రోజు సమావేశంలో మా వైపు వరుసలో ఎవరి ముఖం చూసినా అభ్యంతరం ఉన్నట్టు కనిపించలేదు. అందరూ ఒప్పుకున్న దానికి నేనొక్కదాన్నే అడ్డు చెబితే ‘ఆవిడకు చెట్ల పిచ్చి’ అన్న ముద్ర పడుతుందనీ, ఆ తరవాత మంచినీళ్ళ గురించి మాట్లాడినా ఎవరూ వినరనీ భయపడ్డాను. సమావేశం ముగిశాక మెట్లు దిగుతుంటే పక్కనున్న సభ్యుడు ‘మీరైనా లేస్తారనుకున్నాను’ అన్నారు. ఆయనా చెయ్యెత్తారు.

బ్రిటన్‌లో రెబెకా విల్లిస్ అనే పరిశోధకురాలు పార్లమెంటు సభ్యులను ఇంటర్వ్యూ చేసినప్పుడు దాదాపు ఇదే బయటపడింది. వాతావరణ మార్పు గురించి తెలిసిన సభ్యులు కూడా, మూర్ఖపు పట్టుదల గలవారిగా ముద్రపడతామేమోనని సభలో ఆ ఊసెత్తడానికి జంకారు. నియోజకవర్గం నుంచి దాని గురించి అడిగేవారు తక్కువ అన్నారు. అమెరికాలో 2022లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రధానమైన వాతావరణ విధానాలను బలపరిచే ప్రజలు 66 నుంచి 80 శాతం దాకా ఉంటే, ‘ఎంతమంది బలపరుస్తారనుకుంటున్నారు?’ అని అడిగినప్పుడు జనం చెప్పిన సగటు అంచనా 37 నుంచి 43 శాతమే. పక్కవారికి పట్టదని ప్రతి ఒక్కరూ అనుకుంటూ మౌనంగా ఉండిపోతున్నారన్న మాట. మా వరుసలో జరిగింది కూడా అదే.

కాబట్టి కోచ్‌లకు నా విన్నపం: నాయకుడి తలలోని సమాచారం కన్నా ఆయన చుట్టూ ఉన్న ఒంటరితనాన్ని ముందు చూడండి. ‘ఈ విషయంలో మీలాగే ఆలోచించే సభ్యుడు ఇంకెవరై ఉండవచ్చు? సమావేశానికి ముందే ఆయనతో మాట్లాడితే ఎలా ఉంటుంది?’ అని ఎవరైనా నన్ను ఆ రోజు అడిగి ఉంటే, ఆ మెట్ల మీద జరిగిన సంభాషణ సమావేశానికి ముందే జరిగేది.

రాజకీయ లెక్క కూడా దాచకుండా మాట్లాడుకోవాలి. విపత్తు వచ్చాక సాయం పంచిన పాలకులకు ఓట్లు పెరుగుతాయనీ, విపత్తు రాకముందు సన్నద్ధతకు ఖర్చు పెట్టినవారికి ఓటర్లు దాదాపు ఏమీ ఇవ్వరనీ అమెరికా ఎన్నికల లెక్కలతో ఆండ్రూ హీలీ, నీల్ మల్హోత్రా 2009లో చూపించారు. సన్నద్ధతకు పెట్టిన ఒక్క డాలరు భవిష్యత్తులో సుమారు 15 డాలర్ల నష్టాన్ని తప్పిస్తుందని కూడా వారే లెక్కకట్టారు. తప్పిన వరదకు దండ వేసేవారు ఉండరు. ఇది తెలిసిన నాయకుడికి ‘ధైర్యం చేయండి’ అని చెప్పడం సరిపోదు. జరగని నష్టాన్ని ప్రజలకు కనిపించేలా ఎలా చెప్పాలో ఆయనతో కూర్చుని సాధన చేయించాలి.

కొత్తచూపు
మూడోవరుస గారూ, మీరు చెప్పినది చదివి చాలాసేపు ఆగిపోయాను. నేను ఈ రంగంలో కొత్త, అంతకుముందు వ్యసన విముక్తి కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేశాను. అక్కడ నేర్చుకున్న ఒక పద్ధతి ఇక్కడ పనికొస్తుందేమో చూడండి.

మద్యం మానలేని వారితో మాట్లాడే తీరు గురించి విలియం మిల్లర్ 1983లో రాసి, తరవాత స్టీఫెన్ రోల్నిక్‌తో కలిసి పెంపొందించిన ప్రేరణాత్మక సంభాషణ పద్ధతిలో ముఖ్యమైన గమనిక ఒకటుంది. రెండు మనసులతో ఉన్న మనిషి ముందు మనం ఒక పక్షం వాదిస్తే, ఆయన రెండో పక్షం వాదించడం మొదలుపెడతాడు. వాదించిన కొద్దీ తన మాటలను తానే నమ్ముతాడు. మార్పుకు కారణాలు ఎవరి నోటి నుంచి వస్తాయో వారే మారతారు. కాబట్టి సరిదిద్దాలన్న మన ఆరాటాన్ని అణచుకోవడమే మొదటి శిక్షణ.

ఒక నగర రవాణా బాధ్యుడితో ఇటీవల జరిగిన సంభాషణలో కొంత భాగం, ఆయన అనుమతితో, గుర్తులు తీసేసి ఇస్తున్నాను.

‘బస్సులకు ప్రత్యేక వరుస ఇవ్వాలన్న ప్రతిపాదన మీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పగలరా?’
‘నాలుగు అనుకోండి.’
‘ఒకటో రెండో అనకుండా నాలుగు ఎందుకన్నారు?’
ఆయన కొంచెం సేపు మాట్లాడలేదు. తరవాత, ‘మా అమ్మ ఇప్పటికీ బస్సులోనే వెళుతుంది. గంటన్నర పడుతుందని ఎప్పుడూ చెప్పదు’ అన్నారు.

‘పది ఎందుకు కాదు?’ అని అడిగి ఉంటే దుకాణదారుల అభ్యంతరాలు, పార్కింగ్, పార్టీ లోపలి గొడవలు అన్నీ వరుసగా చెప్పి ఆ ప్రతిపాదన అసాధ్యమని తనకు తానే రుజువు చేసుకునేవారు. ఆ రోజు నేను ఉద్గారాల మాట ఎత్తనే లేదు. తరవాతి సమావేశంలో ఆయనే, ‘ఈ వరుస వల్ల ఎంత ఇంధనం మిగులుతుందో ఎవరైనా లెక్క కట్టారా?’ అని అడిగారు.

వాననీరు
నేను కోచ్‌ను కాను. మురుగు, వరద నీటి పారుదల రూపకల్పన చేసే ఇంజనీరును. దారిదీపం గారు చెప్పిన కల్వర్టు సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను, ఎందుకంటే అలాంటి ఫైళ్ళను తయారుచేసేవాళ్ళలో నేనూ ఒకణ్ణి.

మా నివేదికల్లో ‘ఇరవై ఐదేళ్ళ వర్షానికి రూపొందించబడినది’ అని రాస్తాం. చదివిన నాయకులు ఇక ఇరవై ఐదేళ్ళదాకా భయం లేదని అర్థం చేసుకుంటారు. మా ఉద్దేశం అది కాదు. ఏ ఏడాదైనా అంతకు మించిన వాన పడే అవకాశం 4 శాతమని దాని భావం. ఆ లెక్కన ముప్ఫై ఏళ్ళ కాలంలో కనీసం ఒక్కసారి ఆ కల్వర్టు పొంగే అవకాశం సుమారు 70 శాతం. ఇది కూడా వర్షపు తీరు మారలేదనుకుంటేనే. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అందుకే తక్కువ సమయంలో కుండపోతగా పడే వానలు తీవ్రమవుతున్నాయి. పాత రికార్డులతో ‘ఇరవై ఐదేళ్ళ వాన’ అని రాసినది ఇప్పటి ఆకాశానికి ఎన్నేళ్ళ వానో తిరిగి లెక్కించాల్సిందే.

ఇవన్నీ ఇంజనీరుకు తెలుసు. మరి ఎందుకు రాయడు? అడగలేదు కనుక. మాకు ఇచ్చిన ప్రమాణాల పుస్తకంలో ఉన్నదాని కన్నా పెద్ద కల్వర్టు ప్రతిపాదిస్తే ఆడిట్‌లో ‘అనవసర వ్యయం’ అని రాస్తారు. చిన్నది పెట్టి అది పొంగితే ‘ప్రకృతి వైపరీత్యం’ అని రాస్తారు. ఈ రెండింటిలో ఏది ఎంచుకుంటాడో మీరే ఊహించండి. నాయకుడు సమావేశంలో అందరి ముందూ ‘ఈ వర్షపు లెక్క ఏ సంవత్సరం వరకు ఉన్న రికార్డులతో వేశారు? తరవాతి వానలు కలిపితే కొలత మారుతుందా?’ అని అడిగి, ఆ ప్రశ్న మినిట్స్‌లో, అంటే సమావేశపు అధికారిక రికార్డులో, నమోదైతే, నిజం రాయడానికి మాకు రక్షణ దొరుకుతుంది. నాయకులకు ఇంజనీరింగ్ నేర్పక్కరలేదు, ఈ రెండు వాక్యాలు అలవాటు చేయిస్తే చాలా మార్పు వస్తుంది.

కోపెన్‌హాగన్ సంగతి మీ నాయకులకు చెప్పదగినది. 2011 జూలై 2న అక్కడ రెండు మూడు గంటల్లో సుమారు 150 మిల్లీమీటర్ల వాన పడి నగరం నేలమాళిగలతో సహా మునిగిపోయింది. మరుసటి ఏడాది ఆ నగరం కుండపోత వానల ప్రణాళిక తయారుచేసింది. మొత్తం నీటిని గొట్టాల్లోనే పంపాలంటే అయ్యే ఖర్చును, కొంత నీటిని పార్కుల్లో, వీధుల్లో తాత్కాలికంగా నిలిపి మెల్లగా వదిలితే అయ్యే ఖర్చును పోల్చి చూసి రెండోదే చౌక అని తేల్చారు. ఎంఘవేపార్కెన్ అనే ఉద్యానవనాన్ని సుమారు 22,600 ఘనపు మీటర్ల వాననీరు పట్టేలా మలిచారు. మామూలు రోజుల్లో అది పిల్లలు ఆడుకునే చోటే.

లెక్కలమాస్టారు
వాననీరు గారు ఇంజనీరింగ్ లెక్కలో దాగిన ఊహను బయటపెట్టారు. ఆర్థిక లెక్కలో అంతకన్నా లోతుగా దాగినది ఒకటుంది, అది డిస్కౌంట్ రేటు, అంటే భవిష్యత్తులోని లాభనష్టాలను ఇవాళ్టి విలువకు మార్చేటప్పుడు ఏడాదికి ఇంత శాతమని తగ్గించే రేటు. ప్రాజెక్టు నివేదికల్లో అనుబంధంలో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉండే ఈ ఒక్క అంకె భావి తరాల విలువను నిర్ణయిస్తుంది.

యాభై ఏళ్ళ తరవాత నూరు కోట్ల నష్టం జరుగుతుందనుకోండి. ఏడాదికి 7 శాతం రేటుతో లెక్కిస్తే ఇవాళ దాని విలువ సుమారు 3.4 కోట్లే. 1.4 శాతంతో లెక్కిస్తే సుమారు 50 కోట్లు. నష్టం అదే, మనుషులు వాళ్ళే, రేటు ఒక్కటే మారింది. 2006లో బ్రిటన్ ప్రభుత్వానికి నివేదిక ఇచ్చిన నికోలస్ స్టెర్న్ దాదాపు 1.4 శాతం వాడారు. విలియం నోర్డ్‌హౌస్ అది మరీ తక్కువని వాదించారు. ఇద్దరూ గొప్ప ఆర్థికవేత్తలే. ఈ వాదం లెక్కలతో తెగేది కాదు, ఇందులో ధర్మానికి సంబంధించిన ప్రశ్న ఉంది. అందువల్లనే ఆ ప్రశ్న ప్రజాప్రతినిధి ముందుకు రావాలి. కానీ అది అనుబంధంలో ఎవరో గుమాస్తా నింపిన అంకెగా ఉండిపోతోంది. ‘ఈ లెక్క రెండు రేట్లతో వేసి చూపించండి’ అని అడగటం నాయకుడికి నేర్పడం కోచింగ్ పరిధిలోకే వస్తుందని నా అభిప్రాయం. నిదానం గారి అభ్యంతరం దీనికి వర్తించదు, ఎందుకంటే ఏ రేటు ఎంచుకోవాలో కోచ్ చెప్పడం లేదు.

ఇక పన్నులు, రుసుముల సంగతి. ఇక్కడ మన పక్షం వారు పదేపదే ఒకే తప్పు చేశారు. ఫ్రాన్స్‌లో ఇంధన పన్ను పెంపు మీద 2018 నవంబరులో పసుపు కోటుల ఉద్యమం లేచి ప్రభుత్వం ఆ పెంపును విరమించుకుంది. ఆస్ట్రేలియాలో 2012 జూలైలో మొదలైన కర్బన ధర, అంటే ఉద్గారాలపై వేసే రుసుము, 2014 జూలైలో రద్దయింది. కెనడాలో అలాంటి రుసుము కింద వసూలు చేసిన సొమ్ములో అధిక భాగాన్ని కుటుంబాలకు తిరిగి ఇచ్చినా, ఆ సంగతి చాలామందికి తెలియనే లేదు. చివరకు 2025 ఏప్రిల్ 1 నుంచి వినియోగదారులపై ఆ రుసుము తీసేశారు. బంకు దగ్గర రోజూ కనిపించే భారం, ఖాతాలో ఎప్పుడో నిశ్శబ్దంగా పడే ప్రతిఫలం ఒకదానితో ఒకటి తూగవు. నాయకుడితో పనిచేసేటప్పుడు ‘దీని భారం మొదట ఎవరి మీద పడుతుంది, వారికి దక్కేది ఎప్పుడు, ఏ రూపంలో కనిపిస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు దొరికేదాకా ముందుకు వెళ్ళకూడదు. అలా వెళితే ఆ విధానమూ పోతుంది, ఆ నాయకుడూ పోతాడు, తరవాతివాడు ఆ వైపే చూడడు.

దీనికి భిన్నంగా స్టాక్‌హోమ్‌లో ఏం చేశారో చూడండి. 2006 జనవరి నుంచి జూలై వరకు నగర కేంద్రంలోకి వచ్చే వాహనాలపై రుసుమును ప్రయోగంగా అమలు చేశారు. ట్రాఫిక్ సుమారు 20 శాతం తగ్గింది. తరవాత రుసుము ఆపేసి, సెప్టెంబరులో నగర ప్రజల అభిప్రాయం ఓటు ద్వారా అడిగారు. మొదట వ్యతిరేకత ఎక్కువగా ఉన్న నగరంలో సగానికి పైగా అనుకూలంగా ఓటేశారు. 2007 ఆగస్టులో అది శాశ్వతమైంది. ప్రజలు ఖాళీ వీధిని కళ్ళతో చూశాక వారిని అడిగారు, చూడకముందు అడగలేదు.

నిదానం
లెక్కలమాస్టారు గారూ, డిస్కౌంట్ రేటు గురించి మీరన్నదాన్ని అంగీకరిస్తున్నాను. స్టాక్‌హోమ్ ఉదాహరణ మాత్రం అన్నిటికీ పనికిరాదు. రుసుమును ప్రయోగంగా పెట్టి తీసేయవచ్చు. చిత్తడి నేలను ప్రయోగంగా పూడ్చి వెనక్కి తేలేము. నాయకుడు మొదట గుర్తించవలసిన తేడా ఇదేనని నాకు తోస్తోంది: వెనక్కి తిప్పగల నిర్ణయమైతే త్వరగా ప్రయత్నించి చూడవచ్చు, తిప్పలేనిదైతే ఎంత ఒత్తిడి ఉన్నా ఆగి ఆలోచించాలి.

బ్రిటన్‌లో భాగమైన వేల్స్ 2015లో భావి తరాల సంక్షేమ చట్టం చేసి, వారి తరఫున మాట్లాడటానికి ఒక కమిషనర్‌ను నియమించింది. న్యూపోర్ట్ చుట్టూ ఎం4 రహదారికి ప్రత్యామ్నాయంగా తలపెట్టిన మార్గం చిత్తడి నేలల మీదుగా పోతుంది. కమిషనర్ దాన్ని వ్యతిరేకించారు. బహిరంగ విచారణ నివేదిక మాత్రం నిర్మాణానికి అనుకూలంగానే వచ్చింది. అయినా అప్పటి వేల్స్ ప్రభుత్వాధినేత, ప్రథమ మంత్రి మార్క్ డ్రేక్‌ఫోర్డ్ 2019 జూన్‌లో ఖర్చునూ పర్యావరణ నష్టాన్నీ కారణాలుగా చూపి ఆ ప్రాజెక్టు వద్దన్నారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. నాకు నచ్చింది, ఆయన కారణాలను బహిరంగంగా రాసి, బాధ్యత తన మీద వేసుకోవడం.

మరో సంగతి. ఈ చర్చలో ‘మన పక్షం’ అన్న మాట వచ్చింది. నాయకుల దగ్గర ఆ మాట వాడకండి. 1989 నవంబరులో ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో వాతావరణ మార్పు గురించి ప్రపంచాన్ని హెచ్చరించింది మార్గరెట్ థాచర్. ఆమె రసాయన శాస్త్రం చదివిన సంప్రదాయవాది. పొదుపును గౌరవించే నాయకుడికి పొదుపులో, దేశ భద్రతను గౌరవించేవారికి భద్రతలో, పేదల పక్షాన నిలిచేవారికి న్యాయంలో ఈ విషయం దొరుకుతుంది. నాయకుడు ఏ విలువ కోసం రాజకీయాల్లోకి వచ్చాడో తెలుసుకోకుండా వాతావరణం గురించి మాట్లాడటం తొందరపాటు.

లెక్కలమాస్టారు
‘మన పక్షం’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీరన్నది న్యాయం.

పాతఫైలు
ఒక నాయకుడు మారితే సరిపోతుందా అన్న ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. నేను చూసినంతలో, ఉత్సాహవంతుడైన నాయకుడు మొదలుపెట్టిన పనులు ఆయన వెళ్ళిన ఆరునెలల్లో అల్మారాలోకి చేరతాయి. నాయకుడి పదవీకాలంలో రెండో ఏటి నుంచే కోచ్ అడగవలసిన ప్రశ్న: ‘మీరు వెళ్ళాక కూడా ఇది ఎలా నడుస్తుంది?’

బ్రిటన్ 2008లో చేసిన వాతావరణ మార్పు చట్టం ఐదేళ్ళకొక కర్బన బడ్జెట్ (ఆ కాలంలో దేశం మించకూడని ఉద్గారాల పరిమితి) చొప్పున పన్నెండేళ్ళ ముందుగానే నిర్ణయించాలని ప్రభుత్వాన్ని కట్టడి చేసింది, సలహాకు స్వతంత్ర కమిటీని పెట్టింది. ప్రధానులు మారినా ఆ బడ్జెట్లు వరుసగా వచ్చాయి. చట్టం చేయగలిగేంత అధికారం లేనిచోట నిత్యకృత్యమైనా ఏర్పాటు చేయవచ్చు. 2010 మే నెలలో అహ్మదాబాద్‌ను వడగాడ్పులు చుట్టుముట్టాయి. మామూలుగా సంభవించే మరణాల కన్నా ఆ నెలలో 1,344 ఎక్కువ నమోదైనట్టు తరవాతి అధ్యయనంలో తేలింది. 2013లో ఆ నగరపాలక సంస్థ దక్షిణాసియాలోనే మొదటి వేడి కార్యాచరణ ప్రణాళికను అమలు చేసింది. అందులో నన్ను ఆకట్టుకున్నది పెద్ద పెద్ద నిర్మాణాలు కావు. ఉష్ణోగ్రత ఏ స్థాయికి చేరితే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలి, ఏ ఆసుపత్రి ఏం సిద్ధం చేయాలి అన్నది రంగుల హెచ్చరికలతో సహా ముందే రాసి ఉంచారు. ఫోన్ చేసే మనిషి మారినా ఫోన్ మాత్రం వెళుతుంది.

మూడోవరుస
పాతఫైలు గారి మాటకు ఒక చేర్పు. ప్రతిపక్షంలో ఉన్నవారికి కూడా కోచింగ్ ఇవ్వండి. రేపు రద్దు చేయబోయేది వారే, లేదా కొనసాగించబోయేదీ వారే. నేను ఓడిపోయాక నాతో ఎవరూ మాట్లాడలేదు, కానీ సభలో నా తరవాత వచ్చినవారికి ఆ వీధి చెట్ల గురించి చెప్పగలిగింది నేనొక్కదాన్నే.

దారిదీపం
మూడు వారాల తరవాత రాస్తున్నాను. మీరందరూ ఇచ్చిన సలహాలతో మళ్ళీ ఆ నాయకురాలి దగ్గరికి వెళ్ళాను. ఈసారి పటాలు తీసుకువెళ్ళలేదు. పాతఫైలు గారు చెప్పినట్టు రాబోయే ఏడాది పనుల జాబితా తెప్పించాం. పద్దెనిమిది పనులున్నాయి. ఒక్కోదాని పక్కన అది ఎన్నేళ్ళు ఉంటుందో పెన్సిలుతో ఆమే రాశారు. తొమ్మిదో పని దగ్గర, అంటే ఆ రోడ్డు దగ్గర, ‘అరవై’ అని రాసి పెన్సిలు పక్కన పెట్టారు. ‘దీని మీద సంతకం చేసేశాను కదా’ అన్నారు. నేను ఏమీ అనలేదు. చాలాసేపటి తరవాత, టెండరు ఇంకా పిలవలేదేమో కనుక్కోమని తన సహాయకుడికి చెప్పారు.

టెండరు పిలవలేదు. సమీక్షా సమావేశంలో వర్షపు రికార్డులు ఏ సంవత్సరం వరకు ఉన్నాయని ఆమే అడిగారు. ఆ ప్రశ్న మినిట్స్‌లో నమోదైంది. కొత్త లెక్కతో రెండు కల్వర్టుల వెడల్పును డిజైన్‌లో పెంచారు. రోడ్డు విస్తరణలో పోతున్న పల్లపు నేల విషయంలో మాత్రం ఆమె మనసు మార్చుకోలేదు, అక్కడ పార్కింగ్ కావాలన్న ఒత్తిడిని తాను ఇప్పుడు మోయలేనని నాతో సూటిగా చెప్పారు. నిదానం గారి మాట గుర్తుంచుకుని, ఆ నేల గురించి నా అభిప్రాయం చెప్పలేదు. అది నాకు కష్టమైంది. ‘పూడ్చిన తరవాత వెనక్కి తిప్పగలమా?’ అని ఒక్కసారి అడిగాను. తిప్పలేమన్నారు. ఆ పనిని జాబితాలో చివరికి జరిపారు, తీసివేయలేదు.

వాననీరు
దారిదీపం గారూ, చదివి సంతోషించాను. ఒక్క సంగతి వెంటనే చూడండి. రెండు కల్వర్టులు వెడల్పు చేస్తే నీరు ఇదివరకటికన్నా వేగంగా దిగువకు పోతుంది. ఇదివరకు రోడ్డు వెనక ఆగి మెల్లగా దిగిన నీరు ఇప్పుడు ఒక్కసారిగా కిందివాళ్ళ మీద పడుతుంది. ఆ పల్లపు నేల కూడా పూడ్చేస్తే ఆగడానికి మధ్యలో చోటే ఉండదు. దిగువ కాల్వ సామర్థ్యం ఎంతో, దాని ఒడ్డున ఎవరు నివసిస్తున్నారో అడిగారా?

దారిదీపం
అడగలేదు. ఆమె కూడా అడగలేదు. ఆ కాల్వ వేరే సభ్యుడి పరిధిలోకి వస్తుంది, ఆయన ప్రతిపక్షంలో ఉన్నారు. వచ్చే గురువారం సమావేశం ఉంది. ‘ఈ నీరు ఎవరి దగ్గరికి వెళుతుంది, వారి ప్రతినిధితో మీరు చివరిసారి ఎప్పుడు మాట్లాడారు?’ అన్న ప్రశ్నతో మొదలుపెడతాను. వాననీరు గారూ, దిగువ కాల్వ సామర్థ్యం గురించి ఇంజనీర్ల దగ్గర ఏ కాగితం అడగమని చెప్పాలో రాసి పంపగలరా?

వాననీరు
దిగువ కాల్వ పొడవునా తీసిన అడ్డుకోతల పటాలు (ఒక్కోచోట కాల్వ వెడల్పు, లోతు చూపేవి), పూడిక చివరిసారి ఎప్పుడు తీశారో రాసిన రిజిస్టరు, కల్వర్టు వెడల్పుకు ముందూ తరవాతా గరిష్ఠ ప్రవాహం ఎంతో చూపే లెక్క. ఈ మూడూ అడగమనండి. మూడోది లేదంటే, వెడల్పు పని అక్కడితో ఆపి ముందు ఆ లెక్క వేయించమనండి. బుధవారం లోపు వివరంగా రాసి పెడతాను.